ఉన్నదున్నట్టు రాసిన దిదిమణి

పిల్లలకు పరీక్ష పెట్టడానికి వచ్చిన మనిషి తరగతి గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం నేను ఆవిడ దగ్గరే చూశాను. ఇన్‌స్పెక్టర్లు బూట్లతోనే లోపలికి వస్తారు. సర్వేకి వచ్చే కుర్రవాళ్ళు మెడలో కార్డు వేలాడదీసుకుని, కుర్చీ ఎక్కడుందా అని చూస్తారు. ఆవిడ మాత్రం చెప్పులు గోడవార పెట్టి, కుచ్చెళ్ళు సర్దుకుని, పిల్లలు కూర్చునే చాప మీదే కూలబడేది. హెడ్మాస్టరు కంగారుపడి కుర్చీ తెప్పిస్తే, "కుర్సీలో మీరు కూకోండి దాదా. నాను కిందుంటే పిల్ల మెడ ఎత్తక్కర్నేదు" అనేది. ఆ మాట బెంగాలీలో అన్నా, హిందీలో అన్నా అందులో శ్రీకాకుళమే వినిపించేది.

ఆవిణ్ణి అందరూ దిదిమణి అనేవారు. బెంగాలీలో బడిపంతులమ్మని అలా పిలుస్తారు, మగవాళ్ళని దాదా, అంటే అన్నా, అన్నట్టే. నిజానికి ఆవిడ ఏ బడిలోనూ ఒక్కరోజు పాఠం చెప్పలేదు. పంతులమ్మ చదువు చదివింది. ఈ బెంగాలీ మహానగరంలో ఉన్న ఒకటి రెండు తెలుగు బళ్ళలో ఖాళీ పడుతుందని ఏళ్ళ తరబడి చూసింది. పడిన ఖాళీలను ఎవరూ నింపలేదు. చివరికి బళ్ళను కొలిచే పనిలో చేరింది. "పెల్లికి పిలవనేదు బాబూ, విస్తళ్ళు లెక్కెట్టమన్నారు" అని నవ్వేది.

ఆవిడ పోయిన నెల చనిపోయింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను న్యూ టౌన్‌లో ఒక అద్దాల మేడలో, తొమ్మిదో అంతస్తులో జరుగుతున్న సభలో ఉన్నాను. తెర మీద రంగురంగుల నిలువు గీతలు. ఏ రాష్ట్రంలో మూడో తరగతి పిల్లలు ఏ మేరకు చదవగలుగుతున్నారో ఒక అమ్మాయి చక్కగా వివరిస్తోంది. జేబులో ఫోను వణికింది. తెలుగు చర్చి పెద్ద ఒకాయన. బయటికి వచ్చి ఎత్తాను.

"దిదిమణి ఎలిపోనాది బాబూ. రేపు పదింటికి భూస్థాపన. మీకు సెప్పాలని ఎవులూ అనుకోనేదు. నాకే తోచింది" అన్నాడు.

మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చున్నాను. తెర మీద గీతలు మారాయి. ఆ గీతల అడుగున ఎక్కడో చాప మీద కూర్చున్న ఒక మనిషి, ఎదురుగా ఒక పిల్ల ఉంటారని ఆ గదిలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. నాకు తెలిసింది ఆవిడ వల్లే.

ఆ పని గురించి రెండు మాటలు చెప్పాలి. పిల్లలు బడికి వస్తున్నారా అన్నది హాజరు పట్టీ చెబుతుంది. వచ్చి ఏం నేర్చుకుంటున్నారన్నది ఏ పట్టీ చెప్పదు. అది తెలుసుకోవడానికి కొన్నేళ్ళకోసారి దేశమంతా సర్వే చేస్తారు. చీటీ తీసినట్టు కొన్ని బళ్ళను ఎంచుతారు. ఒక్కో పిల్లనీ విడిగా కూర్చోబెట్టి ఒక అట్ట చదివిస్తారు. అట్ట మీద నాలుగు మెట్లు: అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాలు, చిన్న కథ. పిల్ల ఏ మెట్టు మీద ఆగిందో రాసుకుంటారు. కాగితం మీద బడి పేరు ఉండదు, ఒక అంకె ఉంటుంది. ఫలానా బడి మంచిది, ఫలానాది చెడ్డది అని తేల్చడానికి కాదు ఆ పని. మాస్టర్లు ఎక్కడ చాలడం లేదు, పుస్తకాలు ఎక్కడ పిల్లల తలకెక్కడం లేదు అన్నది పైవాళ్ళకు తెలియడానికి. ఆవిడకు ఆ నియమం దేవుడి వాక్యంతో సమానం. ఏ బడికి వెళ్ళివచ్చిందో పక్కింటివాళ్ళకు కూడా చెప్పేది కాదు.

నేను ఇక్కడి ఒక ఇంగ్లీషు పత్రికలో విద్యావార్తలు రాసేవాణ్ణి. తెలుగువాణ్ణని తెలిసి దగ్గరకు రానిచ్చింది. ఆ తరవాత, బడి పేరు రాయనన్న మాట మీద, ఒకటి రెండు చోట్లకు వెంట తీసుకువెళ్ళింది.

అలా చూసిందే పెన్సిలు సంగతి. పిల్ల ఒక మాట దగ్గర తడబడి ఆగిపోతుంది. మామూలుగా పరీక్ష పెట్టేవాళ్ళు పిల్ల ముఖంలోకి చూస్తూ ఉంటారు. ఆ చూపుకి వచ్చింది కూడా రాకుండా పోతుంది. ఆవిడ పక్కకు తిరిగి, సగం బ్లేడు తీసి పెన్సిలు చెక్కడం మొదలుపెట్టేది. మొనదేలిన పెన్సిలునే మళ్ళీ చెక్కేది. తన కోసం ఎవరూ కాచుకుని లేరని పిల్లకు తోచేది. కాసేపటికి పెదవులు కదిలేవి. ఒక్కో బడికి ఒక పెన్సిలు అరిగిపోయేది. "ఆఫీసులో తిడతారు బాబూ, పెన్సిల్లు తింటన్నావా అనీసి" అనేది.

ఇంకో అలవాటు చెబితే నవ్వొస్తుంది. మాస్టర్లు వెనకాల నిలబడి పిల్లకు పెదవులతో జవాబులు అందిస్తారని ఆవిడకు తెలుసు. వెళ్ళగానే హెడ్మాస్టరు చేతిలో ఒక పెద్ద కాగితం పెట్టేది. బడిలో కిటికీలెన్ని, తలుపులెన్ని, పగిలిన రెక్కలెన్ని, కుళాయిలెన్ని, అందులో కారేవెన్ని. పాపం ఆయన ఒక మాస్టరును వెంటేసుకుని బడంతా తిరిగి లెక్కపెట్టుకు వచ్చేలోపు ముగ్గురు పిల్లల చదువు అయిపోయేది. ఆ కాగితం సర్వేలో లేదు. ఆవిడే ఇంట్లో గీతలు గీసి తయారు చేసుకునేది.

మెటియాబ్రుజ్‌లో దర్జీ దుకాణాల సందులో ఉన్న ఒక హిందీ బడికి ఆవిడతో వెళ్ళాను. చుట్టూ కుట్టు మిషన్ల చప్పుడు. హాజరు పుస్తకం తెరిచి, ప్రతి నాలుగో పేరు గల పిల్లను పంపమంది. మూడో తరగతి పిల్లగా వచ్చిన ఒకమ్మాయి అట్ట అందుకుని, నాలుగు మెట్లూ ఊపిరి తీసుకోకుండా ఎక్కేసింది. దిదిమణి పిల్ల వైపు చూసింది. ఎత్తు చూసింది. సంచిలోంచి తొంగిచూస్తున్న అయిదో తరగతి లెక్కల పుస్తకం చూసింది.

"బాగా చదివావమ్మా" అంది హిందీలో. "ఇప్పుడు వెళ్ళి, నీ పేరు గల పిల్లని పంపు."

అమ్మాయి నవ్వు ఆపుకోలేక పరుగెత్తింది. కిటికీలు లెక్కపెట్టి అప్పుడే వచ్చిన హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. ఆ పిల్లకి ఏమీ రాదు దిదిమణీ, అందుకనే, అని నసిగాడు.

"రానోళ్ళ కోసమే గదా దాదా ఇంత దూరం వచ్చాను. వచ్చినోళ్ళని చూడ్డానికైతే సాల్ట్ లేక్‌లో డబ్బున్నవాళ్ళ బళ్ళలోనే ఆగిపోయేదాన్ని."

అసలు పిల్ల వచ్చింది. మూడు అక్షరాలు పోల్చింది. పెన్సిలు చెక్కడం సగం అయ్యేసరికి మరో రెండు పోల్చింది. దిదిమణి "అక్షరం" అని రాసి, ఆ పిల్లను కూడా మొదటి పిల్లను మెచ్చుకున్నట్టే మెచ్చుకుంది. బయటికి వచ్చాక అడిగాను, ఆ హెడ్మాస్టరు మోసం పైకి రాయరా అని.

"ఆయన మోసగాడు కాదు బాబూ, పరువు మనిషి. మన దేసంలో పరీచ్చంటే పరువు గదా. పిల్లకి జొరం ఉందో నేదో సూద్దారని వస్తే, జొరం నేని పిల్లని తెచ్చి కూకోబెడతారు."

మెతకమనిషి మాత్రం కాదు. చర్చిలో ఆదివారం హాజరు ఎంతని పాస్టరు గారు అడిగితే తలలు లెక్కపెట్టి, "కునుకుతున్నోళ్ళని కలపమంటారా, తీసీమంటారా?" అని గట్టిగా అడిగిన మనిషి. నా వార్తలు చదివి, "చాలామంది అని రాసినావు. చాలామందంటే ఎంతమంది? నీకు తెలుసా, నీ కలానికి తెలుసా?" అని ఫోను చేసేది. పాలు లేని టీ తాగేది. చినుకు పడకపోయినా గొడుగు తెచ్చుకునేది, పడిన రోజు బస్సులో మరిచిపోయేది.

ఇక చెప్పవలసింది తెలుగు సెక్షను సంగతి.

కాలువ గట్టున పారిశుధ్య పనివాళ్ళ క్వార్టర్లున్నాయి. మూడు తరాల కిందట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఊరి వీధులు ఊడ్చిన కుటుంబాలవి. దిదిమణి ఇల్లు ఆ వెనక సందులోనే. క్వార్టర్ల మధ్య ఒక చిన్న బడి. గదులన్నీ హిందీ సెక్షనువి. గోడ మీద నీలం ఏనుగు బొమ్మ ఉన్న వరండాలో తెలుగు సెక్షను. నాలుగు తరగతులకూ కలిపి ఒకే మాస్టారు. ఆ ఏడు సర్వే చీటీలో ఆ బడి వచ్చింది. సొంత వాడలో బడికి వెళ్ళకూడదని నియమం ఉన్నా, తెలుగు అట్ట చదివించగలిగిన మనిషి ఊరు మొత్తానికి ఆవిడొక్కతే. పంపక తప్పింది కాదు.

నేనూ వస్తానన్నాను. అక్కడికి మాత్రం వద్దంది. వారం రోజులు వెంటపడ్డాను. చివరికి ఒప్పుకుంది.

"రెండు మాటలు. బడి ఏదో తెలీకూడదు. రిపోర్టు వచ్చినదాకా అసలే రాయకూడదు. వచ్చినాక రాయి బాబూ, గట్టిగా రాయి. అంకెల్లో మా బడి ఉప్పులా కలిసిపోద్ది. ఇలాటి వరండాలు ఉన్నాయని ఎవుడో ఒకడు సెప్పాల."

సరేనన్నాను. గేటు దగ్గర మాస్టారు నన్ను చూసి, ఈయనెవరమ్మా అన్నారు. "మా ఆఫీసు బాబు" అంది. ఉన్నదున్నట్టు తప్ప మరోలా చెప్పని మనిషి ఆ ఒక్క అబద్ధం నా కోసం ఆడింది. అప్పుడది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు.

వరండా కటకటాల అవతల ఒకావిడ చెత్తబండి ఆపి, చీపురు చంకలో పెట్టుకుని నిలబడింది. ఆవిడ కూతురే ముందు వచ్చి చాప మీద కూర్చుంది. మూడో తరగతి. నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలు.

"ఏటి కూర తిన్నావమ్మా?" అంది దిదిమణి.

"ఆలూ పోస్తో."

"ఓలమ్మ, తెలుగోల్ల పిల్లవి, గసగసాల కూర తింటన్నావా!"

"నానే సేసినాను దిదిమణీ" అంది తల్లి కటకటాల్లోంచి. "ఉప్పెక్కువైపోనాది. అది మాత్రం రాయకు."

మాస్టారు కూడా నవ్వారు. పిల్ల అక్షరాలు గబగబా చెప్పింది. మాటలు కూడబలుక్కుని చెప్పింది. నాలుగు వాక్యాల దగ్గర మొదటిది పూర్తి చేసి, రెండోదాని మధ్యలో ఆగిపోయింది. దిదిమణి పక్కకు తిరిగింది. పెన్సిలు పొట్టు చాప మీద కుప్ప పడింది. హిందీ సెక్షను వాళ్ళు ఎక్కాలు మొదలుపెట్టి పూర్తి చేశారు. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి పెదవులు కదిలించబోయి, తనకూ చదవడం రాదని గుర్తొచ్చి ఊరుకుంది. పెన్సిలు బొటనవేలంత అయ్యాక దిదిమణి బ్లేడు పక్కన పెట్టి, పిల్ల తల నిమిరి, కాగితం మీద "మాట" అని రాసింది.

"ఏటి, అక్కడే ఆపీసినావు?" అంది తల్లి. "ఒక్క మెట్టు ఎక్కించీ. నీ సొమ్మేటి పోద్ది?"

మాస్టారు కూడా దగ్గరకు వచ్చారు. మిగిలిన పిల్లలు ఇంతకంటే బాగా చదవరని ఆయనకు తెలుసు. "కాస్త చూసి రాయండమ్మా. తక్కువని తెలిస్తే ఈ సెక్షను ఎత్తేస్తారు. నేనొక్కణ్ణి నాలుగు తరగతులకు ఏం చెప్పగలను?"

"తక్కువని తెలిస్తేనే గదా మాస్టారూ రెండో మనిషిని ఇస్తారు. బాగుందని రాస్తే, బాగానే ఉంది గదా అనీసి మిమ్మల్ని కూడా పీకీగలరు."

తరవాత కటకటాల వైపు తిరిగింది. "ఇలా ఇను. మా నాన్న ఓడల డాకు గేటు కాడ నీల్లు సూసి పలక మీద రాసీవోడు. పోటు ఎంత ఎక్కింది, ఎంత దిగింది. ఒకనాడు ఓడ సరంగు తొందర మీదున్నాడు. రెండు గీతలు ఎక్కువ రాసీ అన్నాడు. మా నాన్న రాయనేదు. నాను రాస్తే పలక మీద నీల్లు పెరుగుతాయి గానీ ఏట్లో పెరగవురా, ఓడ బురదలో కూకుంటాది అన్నాడు. నీ కూతుర్ని బురదలో కూకోబెట్టమంటావా?"

తల్లి ఆలోచించింది. "అయితే రాయి. మేస్టరు రాకపోతే మాత్రం నీ గుమ్మం ముందర ఊడ్సను."

"వస్తాడు" అంది దిదిమణి. అంత నమ్మకంగా ఆవిడ మరో మాట చెప్పగా నేను వినలేదు.

రిపోర్టు రావడానికి ఇంకా నెలలు పడతాయి. ఈలోగా బళ్ళు తెరిచే వారం వచ్చింది. మా ఎడిటర్ అర పేజీ ఖాళీగా ఉందన్నాడు. నా దగ్గర మంచి కథనం ఉంది, దాన్ని దాచుకోవడం చేతకాలేదు. బడి పేరు రాయలేదు. వాడ పేరు రాయలేదు. కాలువ గట్టు రాశాను, వరండా రాశాను, గోడ మీద నీలం ఏనుగు బొమ్మ రాశాను, నాలుగు తరగతులకు ఒకే మాస్టారు తెలుగులో పాఠం చెబుతారని రాశాను, సర్వేలో మూడో తరగతి పిల్ల రెండో వాక్యం దగ్గరే ఆగిపోయిందని రాశాను. ఆ రోజు ఫోనుతో తీసిన ఫొటోలో ముఖాలు కనబడనివ్వలేదు, వెనక నుంచి రెండు జడలు మాత్రమే. పేరు వేయకపోతే మాట నిలబెట్టుకున్నట్టేనని అనుకోవడం మా వృత్తిలో ఉన్న ఒక సుఖం. ఈ ఊళ్ళో అలాంటి వరండా ఇంకొకటి లేదు. కథనం బాగుందని చాలామంది ఫోన్లు చేశారు.

మూడు వారాల్లో పై ఆఫీసు నుంచి ఇద్దరు ఆ పేపరు ముక్క పట్టుకుని వచ్చారు. పిల్లలకు చదవడం రాని సెక్షను ఎందుకని, తెలుగు పిల్లలను హిందీ సెక్షనులో కలిపేశారు. మాస్టారిని ఎక్కడో ఫైళ్ళు సర్దే పనికి పంపారు. ఎందుకిలా చేశారని క్వార్టర్ల వాళ్ళు అడిగితే, సర్వేలో తేలింది అన్నారు. ఇంగ్లీషు పేపరు ఆ వాడలో ఆవిడ తప్ప ఎవరూ చదవరు. వాళ్ళకు తెలిసిన సర్వే ఒక్కటే. దిదిమణి కాగితం అప్పటికి సీలు వేసిన కవరులో, పేరు లేకుండా, ఒట్టి అంకెతో ఏదో బీరువాలో ఉంది. అయినా "నీ కాయితమే మా బడిని మింగీసింది" అని ఆవిడ గుమ్మంలో నిలబడి తిట్టారు. మర్నాటి నుంచి ఆ గుమ్మం ముందు ఎవరూ ఊడ్వలేదు.

ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. అదే మొదటిసారి, అదే ఆఖరు. నా బల్లకు ఎదురుగా కూర్చుని, సంచిలోంచి మడత పెట్టిన పేపరు తీసి నా ముందు పరిచింది.

"సదువు" అంది.

"దిదిమణీ, నేను..."

"సదువు బాబూ. మొదట్నించి."

చదివాను. ఇంగ్లీషు వాక్యం ఒక్కొక్కటీ తెలుగులో చెప్పమంది. చెప్పాను. ప్రతి వాక్యానికీ "ఊఁ" అంది. అయిపోయాక, కథ చదివిన పిల్లల్ని అడిగినట్టే అడిగింది.

"ఇది ఎవుల గురించి రాసినావు?"

"విద్యా వ్యవస్థ గురించి."

"ఈ జడలు ఎవులివి?"

కాచుకుంది. అప్పుడు ఆవిడ చేతిలో పెన్సిలు లేదు, నా ముఖంలోకే చూస్తూ కాచుకుంది.

"సదవడం బాగానే వచ్చు నీకు" అంది చివరికి. "అరదం సేసుకోడం కాడ ఆగిపోనావు."

తప్పయిపోయిందన్నాను. దానికి తల ఊపింది కానీ అందుకోసం వచ్చినట్టు లేదు.

"నన్ను తిట్టినా పర్నేదు. నిజం రాస్తే బడి పోద్ది అని నేర్సుకున్నారు బాబూ వోల్లు. ఇంకెప్పుడూ ఏ పిల్లనీ కొలవనివ్వరు. అదీ నా బాద. నువ్వొచ్చి సెప్పు, ఆ పని సేసింది నా కాయితం కాదు, నీ పేపరని. నాను సెప్తే నమ్మరు. నిన్ను ఆఫీసోడని సెప్పిన నోరు ఇది."

"వస్తాను దిదిమణీ. ఈ ఆదివారం."

"చర్చి అయినాక రా. అందరూ ఇళ్ళ కాడుంటారు."

ఆ ఆదివారం వాన పడింది. రెండో ఆదివారం ఎన్నికల పని మీద ఊరు వెళ్ళాను. మూడో ఆదివారం నుంచి కారణాలు వెతకడం కూడా మానేశాను. అప్పటికి మా పత్రికలో ఆ కథనానికి ఒక చిన్న బహుమతి కూడా వచ్చింది. దాని గురించి ఆవిడకు తెలుసో లేదో.

ఆవిడ భయపడ్డదే జరిగింది. తరవాతి సర్వేకి పక్క వాడలో ఒక బడికి వెళితే, ఆ రోజు చదవలేని పిల్లలెవరూ బడికి రాలేదట. తల్లులే ఇంట్లో ఆపేసుకున్నారు. ఉన్నవాళ్ళంతా కథ మెట్టు ఎక్కారు. కాగితం మీద ఆ బడి బంగారంలా ఉంది. "సగం మంది రాలేదు" అని ఆవిడ అంచున రాస్తే, అంచున రాసిన మాటలు లెక్కలోకి రావని ఆఫీసులో చెప్పారట. ఈ సంగతి నాతో ఆవిడ చెప్పలేదు, వాళ్ళ ఆఫీసులో వాళ్ళు చెప్పారు. ఆ తరవాత ట్యాబ్లెట్లు వచ్చాయి. పిల్ల ఆగిన కొన్ని క్షణాలకే తెర దానంతటదే తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోతుంది. ఆవిడ ఆ పనికి పనికిరాదన్నారు.

ఒకసారి సాల్ట్ లేక్‌లో బస్‌స్టాపు దగ్గర కనబడింది. ఎండలో గొడుగు మూసి పట్టుకుని ఉంది. "ఒళ్ళు బాగుంటందా బాబూ? సన్నబడిపోనావు" అంది. ఆదివారం సంగతి ఎత్తలేదు. నేనే, "వస్తాను దిదిమణీ, ఒకరోజు వీలు చూసుకుని" అన్నాను. "ఊఁ" అంది. బస్సు వచ్చింది. ఎక్కేముందు నా భుజం మీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, ఎక్కేసింది. ఆ రోజు తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. తిట్టించుకున్నవాడికి కాస్త తేలికవుతుంది. ఆ తేలిక ఆవిడ నాకు ఇవ్వలేదు. కావాలనే ఇవ్వలేదా, ఇవ్వడం తెలియకనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ కథనం వచ్చి పదేళ్ళు గడిచాయి.

భూస్థాపనకు వెళ్ళాను. సమాధుల తోటలో ఇరవై మంది కూడా లేరు. నేను నేరుగా అక్కడికే వెళ్ళడంతో, ఆవిడ ఇంటి నుంచి క్వార్టర్ల మీదుగా వచ్చిన ఊరేగింపు చూడలేదు. పాస్టరు గారు ఆవిడ నిజాయితీ గురించి మాట్లాడారు. వెనక ఎవరో, "నిజాయితీయే మన బడిని తినీసింది" అని గొణిగారు. తిరిగి చూస్తే చర్చి పెద్దాయన తల వంచుకుని ఉన్నాడు. పిడికెడు మట్టి వేసి వచ్చేశాను.

ఆ తరవాతి ఆదివారం క్వార్టర్లకు వెళ్ళాను. అడుగుతూ అడుగుతూ ఆ పిల్ల తల్లి ఇల్లు పట్టుకున్నాను. ఆవిడ గుమ్మంలో పీట మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వు దిదిమణి ఆఫీసు బాబువి గదా. ఏటి, మళ్ళీ కొలవడానికొచ్చినావా? కొలవడానికి ఇక్కడ ఎవులూ నేరు. నా కూతురు గుంట మెటియాబ్రుజ్‌లో ప్యాంట్లు కుట్టే కాడ దారాలు కత్తిరిస్తంది. హిందీ బల్లో వెనక బెంచీలో ఆరో తరగతి దాకా కూకుంది. ఆ తరవాత నానెల్లను అంది."

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. నేను ఆఫీసు మనిషిని కాదని, పేపరు వాణ్ణని, రాయనని మాట ఇచ్చి రాశానని, ఆ ఇద్దరూ పట్టుకొచ్చింది నా పేపరు ముక్క అని. దిదిమణి కాగితంలో ఈ బడి పేరే లేదని.

ఆవిడ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది.

"మరి ఆవిడ సెప్పనేదేటి?"

"నేను వచ్చి చెబుతానన్నాను."

"ఎప్పుడు?"

"అప్పుడే. పదేళ్ళ కిందట."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. చేట పక్కన పెట్టి, వీధి వైపు చూస్తూ కూర్చుంది.

"మొన్న ఆవిడ పెట్టెని ఈ వీధిలోంచే తీసుకెల్నారు బాబూ" అంది. "సందులోకి బండి రాదు గదా, బుజాల మీద మోసుకెల్నారు. నాను తలుపేసుకున్నాను. పాటలు ఇనపడుతుంటే లోన టీవీ పెట్టీసినాను."

పక్క వాటాలో ఎవరో కుక్కరు దింపిన చప్పుడు వినిపించింది. ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. చీర మార్చుకుని వచ్చింది. తలుపుకు తాళం వేసి, ఒకసారి లాగి చూసింది.

"ఎక్కడెట్టినారు ఆవిణ్ణి? దారి సెప్పు."

చెప్పాను. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, గేటు లోపలికి వెళ్ళాక ఎటు తిరగాలో చెప్పాను. ఇంకా రాయి వేయలేదని, కొత్త మట్టి బట్టి పోల్చుకోవాలని చెప్పాను. నేనూ వస్తాను, చూపిస్తాను అన్నాను.

"నువ్వొద్దు బాబూ" అని, ఆవిడ కాలువ గట్టు వైపు నడిచింది.